తాడుకు వెలుతురు ఎటు నుంచి?

తాడును ఫొటో తీయడం కష్టమని ఎవరైనా అని ఉంటే ఒకప్పుడు నేను నవ్వేవాణ్ణి. అది కదలదు, కళ్లు మూయదు, పెళ్లికొడుకులా అలగదు. బల్ల మీద పెట్టి మీట నొక్కితే అయిపోవాలి. ఇదే మాటను ఆ రోజుల్లో డైరీలో రాసుకుని కింద గీత కూడా గీశాను. ఇప్పుడు ఆ పేజీ తిరగేస్తే నవ్వాలో సిగ్గుపడాలో నాకే తెలియడం లేదు.

గనుల్లో కొత్తగా చేరుతున్న మీలాంటి పిల్లలు కనిపించినప్పుడల్లా సర్వీసు మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏదని అడుగుతుంటారు. పైకప్పు కూలిన కథో, నీళ్లు పొంగిన కథో చెబుతానని మీ ఆశ. అవి కష్టమైనవే, కానీ వాటిలో ఏం చేయాలో నాకు తెలుసు. ఏం చేయాలో బొత్తిగా తెలియక నేను తిరిగింది ఒక ఇనుప తాడు చుట్టూ, ఒక లింకు చుట్టూ, నాలుగు బల్బుల మధ్య. అందుకే ఇది రాస్తున్నాను.

గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో నేను ఓవర్‌మన్‌గా పనిచేశాను. షిఫ్టులో పనిచేసే మనుషుల బాగోగులు, పని జరిగే చోటి భద్రత చూడటం నా డ్యూటీ. రిటైర్మెంటు ఇంకా కొన్నేళ్లు ఉందనగా మోకాలు మొరాయించింది. మెడికల్ బోర్డు నన్ను లోపలికి దిగొద్దని రాసింది. అప్పుడు ట్రైనింగ్ సెంటర్‌లో వేశారు. అక్కడ జనరల్ షిఫ్టు, పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రావడం. చాలామందికి అది సుఖం. నాకు మాత్రం అది అవసరం. అంతకు ముందే నా భార్యకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. పగలు పక్క క్వార్టర్ ఆమె వచ్చి చూసేది. కూతురు రామకృష్ణాపూర్‌లో ఉండేది, సెలవు రోజున వచ్చిపోయేది. రాత్రికి మాత్రం నేను ఉండాల్సిందే. నాకు నైట్ షిఫ్టు పడితే ఆమెకు మంచినీళ్లు అందించే మనిషి కూడా ఉండడు.

ట్రైనింగ్ సెంటర్ మేనేజరు నా కొడుకు వయసు వాడు. మర్యాదస్తుడు. గోడల మీద పసుపుపచ్చగా మారిన పాత బొమ్మలు తీసేసి, కొత్తగా చేరేవాళ్లకు ఒక ఫొటోల పుస్తకం చేయాలని ఆయన పట్టుదల. బొగ్గు టబ్బులను, అంటే పట్టాల మీది చిన్న డబ్బా బండ్లను, లాగే ఇనుప తాడు మంచిదైతే ఎలా ఉంటుంది, చెడిపోతే ఎలా ఉంటుంది. టబ్బును టబ్బుకు కలిపే లింకు ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు పారేయాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో ఫొటో. సేఫ్టీ ఉత్సవాల్లో నేను నా చిన్న డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీస్తానని ఆయనకు ఎవరో చెప్పారు.

పిలిచి, కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు. సెంటర్‌లో ఒక మనిషి ఎక్కువ ఉన్నాడని పై ఆఫీసు లెక్క తేల్చింది. ఒక గని వాళ్లు సర్ఫేసులో, గని పైన పనికి, షిఫ్టు డ్యూటీకి నన్ను అడుగుతున్నారు. ఈ పుస్తకం పని చూపిస్తే నన్ను ఇక్కడే ఉంచుకోవచ్చు. ఇప్పుడున్న బ్యాచ్ ట్రైనింగ్ ముగిసేలోపు ఫొటోలు తయారు కావాలి, లేదంటే బయటి ఏజెన్సీకి ఇవ్వక తప్పదు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమెకు మాట కొంచెం తిరగదు కానీ చురుకు తగ్గలేదు.

"తాడుకు ఫొటో తీస్తే నైట్ షిఫ్టు తప్పుతదా?"

"తప్పుతది."

"గట్లయితే జల్ది తియ్యి మరి. గింత సోచాయించుడేంది?"

మరునాడే తీశాను. మంచి తాడు ముక్క ఒకటి, తీసేసిన పాత తాడు ముక్క ఒకటి. కెమెరాకున్న ఫ్లాష్‌తోనే. రెండు ఫొటోలు కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూసిన మేనేజరు తెరకు దగ్గరగా వంగాడు. పాత తాడులో తెగిన తీగలు ఎక్కడ ఉన్నాయని అడిగాడు. నేను పెన్సిల్ మొనతో చూపించాను. పెన్సిల్ లేకుండా కనిపించాలి కదండీ, అన్నాడు మెల్లగా.

నిజమే. ఫొటోలో రెండు తాళ్లూ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి. అన్ని వైపులా సమానంగా తెల్లగా, చదునుగా, గోడకు సున్నం వేసినట్టు.

అప్పుడు చౌరస్తా దగ్గర స్టూడియో నడిపే ఆయన దగ్గరికి వెళ్లాను. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు, ఫ్లెక్సీలు కొడతాడు, నోరు ఆగదు. ఇనుప తాడు సంచిలోంచి తీసి బల్ల మీద పెడితే కాసేపు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత స్టాండుకు బిగించిన లైటు ఒకటి నా చేతికిచ్చి, నాకు తోచిన చోట పెట్టమన్నాడు. పెట్టాను. తీసేసి పక్కకు పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకా పక్కకు అన్నాడు. ఇంకా జరిపాను అనుకున్నాను.

"ఏంది కాకా, పక్కకు పెట్టుమంటే మళ్ల కెమెరా నెత్తి మీదికే తెస్తున్నవ్?"

చూస్తే నిజంగానే స్టాండు కెమెరా వెనకే ఉంది. మళ్లీ జరిపాను. కెమెరాలోంచి చూసి సర్దుకుంటూ, నాకు తెలియకుండానే లైటును మళ్లీ నా వెనక్కి లాక్కున్నాను.

నేను ఎందుకలా చేస్తున్నానో ఆయనకూ తెలియలేదు, నాకూ వెంటనే తెలియలేదు. ఇంటికి నడుస్తుంటే తట్టింది. ముప్ఫై ఏళ్లకు పైగా నా వెలుతురు నా నుదుటి మీదే ఉంది. లోపల హెల్మెట్‌కు బిగించిన లైటే సూర్యుడు. మనం తల ఎటు తిప్పితే అటు వెలుతురు. కన్నూ లైటూ ఒకే చోట ఉంటే వస్తువు నీడ వస్తువు వెనక్కే పోతుంది, ఆ నీడ మనకు ఎన్నడూ కనిపించదు. బయట మనుషులు ఎండలో నీడల మధ్య పెరుగుతారు. నా చేతులకు మాత్రం వెలుతురు అంటే నుదుటి మీంచి వచ్చేదే. ఈ సంగతి తెలిసినందుకు సంతోషపడాలా, ఇన్నేళ్లు అన్నీ చదునుగానే చూశానా అని భయపడాలా? ఆ సాయంత్రమంతా ఇదే గుంజాటన.

దీనికి నేను చేసిన ఉపాయం పద్ధతి ప్రకారం పోవడం. తాడు చుట్టూ గడియారం ఉందనుకున్నాను. కెమెరా ఉన్న చోటు ఆరు. లైటు పెట్టిన చోటును గంటలతో డైరీలో రాసుకున్నాను. లైటు ఎత్తు ఎంత, ముందు బట్టర్ పేపరు కట్టానా లేదా, ఎదురుగా వెలుతురు తిప్పికొట్టడానికి థర్మాకోల్ పెట్టానా లేదా, ఇవన్నీ. ఆరు గంటల దగ్గర లైటు పెట్టకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

సాయంత్రాలు ఇంట్లో అలవాటు చేసుకున్నాను. మంచం ఎదురుగా బల్ల వేసి, తెల్ల గుడ్డ పరిచి, టమాటాలు, వంకాయలు, ఇత్తడి చెంబు పెట్టేవాణ్ణి. మా వైపు తెల్ల గుడ్డ తెల్లగా ఉండేది కాసేపే. కిటికీలోంచి వచ్చే నల్లటి నలుసులు ఫొటోలో ఆవాలు చల్లినట్టు పడేవి. వంకాయ మీద మెరుపు ఎక్కడ పడితే అది గుండ్రంగా కనిపిస్తుందో నేర్చుకున్నాను. చెంబు మాత్రం లొంగలేదు. దాని మీద కిటికీ, బల్బు, నేను, నా వెనక మంచం మీద నా భార్య, అందరం వంకరగా కనిపించేవాళ్లం. చెంబును తీయాలంటే చెంబు చుట్టూ ఉన్నవాటిని సర్దాలని స్టూడియో ఆయన చెప్పాడు. లైటు ఎక్కడ పెట్టాలని అడగడం మానేసి నీడ ఎటు పడాలో ముందు చెప్పమని కూడా అన్నాడు. నీడ ఎటు పడాలో నాకెలా తెలుస్తుంది? దాంతో నాకు పరిచయమే కొత్త.

నా భార్య ఇదంతా పడుకునే చూసేది.

"కూరగాయలకు పెండ్లిచూపులు అయితే చెప్పు, అక్కకు ఇచ్చి వండిస్త," అనేది. అక్క అంటే పక్క క్వార్టర్ ఆమె.

మళ్లీ తాళ్ల దగ్గరికి వచ్చాను. ముందు లైటుకు బట్టర్ పేపరు కట్టి మెత్తటి వెలుతురుతో తీశాను. తాడుకు రాసిన గ్రీజు మెరుపు పోయింది, చూడముచ్చటగా వచ్చింది. తెగిన తీగలు కూడా ఆ మెత్తదనంలో కలిసిపోయాయి. తర్వాత పేపరు తీసేసి, లైటును పక్కన, దాదాపు బల్లకు ఆనించి, తాడు ఒంటి మీదుగా వెలుతురు జారేలా పెట్టి తీశాను. అప్పుడు వచ్చింది చూడండి! ఒక్కొక్క తీగ విడివిడిగా లేచి నిలబడింది. తెగిన మొనలు ముళ్లలా కనిపించాయి. స్టూడియోలో పెద్ద సైజు ప్రింట్లు వేయమని ఇచ్చి, ఆ రోజు హాయిగా అన్నం తిన్నాను.

ప్రింట్లు తెచ్చుకుని చూస్తే తెగిన తీగలు లేవు. పాత తాడు పట్టుచీర అంచులా నున్నగా ఉంది. పరుగెత్తుకెళ్లి అడిగితే స్టూడియో ఆయన ముఖం వెలిగిపోయింది.

"గీతలు, మచ్చలు అన్నీ తీసేసిన కాకా. ఎంత సేపు పట్టిందో తెలుసా? నీకు కాబట్టి చేసిన."

పెళ్లికూతురి మొటిమలు తీసే చెయ్యి. దాన్ని ఏమని తిట్టను? ఆ మచ్చల కోసమే ఇంత తిప్పలని చెబితే, ముందు చెప్పొద్దా, మచ్చల కోసం ఫొటో దిగేటోళ్లను నేనెన్నడు చూడలేదు, అన్నాడు. మళ్లీ ఉన్నవి ఉన్నట్టే ప్రింట్లు వేయించాను.

అసలు కష్టం అక్కడే మొదలైంది. పక్క వెలుతురుతో తీసిన మంచి తాడు, చెడ్డ తాడు ప్రింట్లు మంచం మీద పరిచి చూస్తున్నాను. కొత్త తాడు పేనిన సందుల్లో కూడా నీడలు నల్లగా, లోతుగా పడి, పగుళ్లలా ఉన్నాయి. కాసేపటికి ఏది ఏదో నాకు గుర్తు తప్పింది. తాడు పక్కనే నడిచి తలనెరిసిన మనిషిని, వెనక వైపు తిప్పి నేను వేసుకున్న నంబరు చూస్తే తప్ప చెప్పలేకపోయాను. ముందు నుంచి వెలుతురు కొడితే చెడ్డది కూడా మంచిది. పక్క నుంచి కొడితే మంచిది కూడా చెడ్డది. రెండూ ఫొటోలే, రెండిట్లోనూ నేను ఏ మోసమూ చేయలేదు. మరి పుస్తకంలో ఏది పెట్టాలి? ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

లింకుతో ఇంకో చిక్కు వచ్చింది. ఒక పాత లింకు మీద వేలి కొన పట్టేంత గుంత ఉంది. ఇనుము అక్కడ అరిగి తినేసిందన్నమాట, అలాంటి లింకును పారేయాలి. అది బాగా కనబడాలని లైటును అన్ని గంటల దగ్గరా పెట్టి తీశాను. అన్నిటికన్నా స్పష్టంగా వచ్చినదాన్ని ఏరి మిగిలినవాటితో కవరులో పెట్టాను.

గడువు దగ్గరపడింది. ముందు నుంచి, పక్క నుంచి వెలుతురు కొట్టి రెండు రకాలుగా తీసిన ప్రింట్లూ మేనేజరు ముందు పెట్టి నా అనుమానం చెప్పాను. ఆయన ప్రింట్లు ఒక దగ్గరికి సర్దుతూ, మనం కొట్టుకోవడం ఎందుకు, చదువుకునేవాళ్లకే చూపిద్దాం, ఏది చూసి వాళ్లు సరిగ్గా చెబితే అదే వేద్దాం అన్నాడు. న్యాయంగానే ఉంది. కానీ ఆ రాత్రి నిద్రపట్టే వెలుతురు ఏదీ నాకు దొరకలేదు.

మరునాడు క్లాసులో ట్రైనింగ్ ముగియబోతున్న ఆ బ్యాచే. అందులో చాలామంది తండ్రుల బదులు ఉద్యోగాలు పొందినవాళ్లు. ముందు వరుసలో రామగిరి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, ఆమె తండ్రి నాకు షిఫ్టులో తెలిసినవాడే. మేనేజరు వెనక బెంచీలో కూర్చున్నాడు. నేను ఒక్కో ప్రింటు ఎత్తి చూపించాను. ముందు నుంచి వెలుతురు కొట్టి తీసినవాటికి అందరూ మంచిగుంది అన్నారు, పాత తాడుకు కూడా. పక్క వెలుతురుతో తీసినవాటికి ఖరాబైంది అన్నారు, స్టోర్స్ నుంచి కొత్తగా వచ్చిన తాడుకు కూడా. ఎవరూ ఏ ఒక్కదానికీ సందేహించలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తర్వాత లింకు ప్రింటు చేతుల్లోకి పంపించాను. సగం మంది గుంత అన్నారు. సగం మంది కాదు, గడ్డ, ఉబ్బింది అన్నారు. గడ్డయితే అది తయారీలో మిగిలిన ముద్ద, లింకును వాడుకోవచ్చు. గుంతయితే పారేయాలి. వాదన ముదిరింది. ప్రింటును ఎవరో తలకిందులు చేస్తే గడ్డ అన్నవాళ్లు గుంత అన్నారు. గుంత అన్నవాళ్లు గడ్డ అన్నారు. మేనేజరు లేచి వచ్చి ప్రింటు తీసుకుని తిప్పి తిప్పి చూసి నా వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. ఏది ఇది?"

ఫొటో తీసింది నేను. లింకును చేత్తో తడిమింది నేను. ప్రింటు వైపు చూశాను. గుంతే. రెప్ప వేసి చూశాను. గడ్డ. గుంత అని తెలిసి కూడా నా కళ్లు గడ్డను చూపిస్తున్నాయి. ఏదో ఒకటి గట్టిగా చెప్పేస్తే సరిపోయేది. ఒక పక్క నైట్ షిఫ్టు, ఒక పక్క ఆ పిల్లలు.

"ఫొటోల తెలుస్తలేదు సార్," అన్నాను. "ముక్కనే తీసుకొస్త."

పక్క గదిలోంచి లింకు తెచ్చి బల్ల మీద పెట్టాను. అందరూ మూగారు. ప్రొజెక్టర్ కోసం కిటికీలు మూసి ఉన్నాయి, గది మసకగా ఉంది. ముందు వరుస అమ్మాయి ఫోను టార్చి వేసి లింకుకు దగ్గరగా పెట్టి, పై వైపు నుంచి కింది వైపుకు తిప్పింది. తిప్పుతూ ఆగిపోయింది.

"సార్, లైటు ఇటుంటే గుంత. ఇటు తెస్తే గడ్డ లెక్క కనబడుతుంది." తర్వాత టార్చిని తన నుదుటికి ఆనించుకుని వంగి చూసింది. "ఇట్ల చూస్తే ఏం లేదు సార్. సాఫ్ ఉన్నది."

వెలుతురు పై నుంచి వస్తుందని మన కన్ను ముందే అనుకుంటుందనీ, కింది నుంచి వస్తే గుంతను గడ్డగా చదువుతుందనీ నాకు తర్వాత స్టూడియోలో చెప్పారు. ఆ పూట మాత్రం నాకు ఏమీ తెలియదు. వాళ్లతో పాటే నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఒక్కొక్కరు వచ్చి టార్చి తిప్పారు, వేలు పెట్టి చూశారు, కళ్లు మూసుకుని తడిమారు. తాడు ముక్కలు కూడా తెమ్మన్నారు. టీ వేళ దాటిపోయినా ఎవరూ కదల్లేదు. నేను చెప్పింది ఒక్కటే. రేపు మీ నుదుటి మీద లైటు ఉంటుంది, అది అన్నిటినీ సాఫ్ చేసి చూపిస్తుంది, దాన్ని తీసి చేతిలో పట్టుకుని పక్క నుంచి కూడా చూడండి. పక్క నుంచి చూస్తే మంచిది కూడా చెడ్డగా కనబడుతుంది కాబట్టి మళ్లీ నుదుటి మీద పెట్టుకుని చూడండి. ఒకడు అడిగాడు, మరి ఏది నమ్మాలె సార్ అని. చేత్తో పట్టి చూసి, పక్కవాణ్ణి పిలిచి అడుగు అన్నాను. అంతకన్నా మంచి జవాబు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

మేనేజరు ప్రింట్లన్నీ కవరులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా పని అయిపోయిందనుకున్నాను. పక్క క్వార్టర్ ఆమెను రాత్రిళ్లు పడుకోవడానికి వస్తావా అని అడిగాను. ఆమె భర్తకు కూడా షిఫ్టులే. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. కూతురు తల్లిని తీసుకుపోతానంది. నా భార్య వద్దంది. మంచం మీంచి లేపమని అడగడం కూడా ఆ రోజుల్లో మానేసింది.

ఆర్డరు వచ్చింది. ఫొటోల పుస్తకం బయటి ఏజెన్సీకి ఇచ్చారు. కింద ఇంకో వాక్యం, వస్తువులను పరిశీలించే తీరు నేర్పడానికి నన్ను జనరల్ షిఫ్టులో ట్రైనింగ్ సెంటర్‌లోనే కొనసాగిస్తున్నారు. గేటు దగ్గరే నిలబడి మళ్లీ మళ్లీ చదివాను. ఇది శిక్షా, బహుమానమా? లోపలికి వెళ్లి మేనేజరునే అడిగాను.

"ఫొటోలు తీయడం మీకు రాలేదండీ," అన్నాడు నవ్వకుండా. "ఎందుకు రాలేదో చూపించడం బాగా వచ్చింది. పై వాళ్లకు అదే రాశాను."

నన్ను మెచ్చుకున్నాడో తిట్టాడో నేటికీ తేల్చుకోలేదు. ఏజెన్సీ వాళ్లు వచ్చి పెద్ద పెద్ద లైట్లతో ఫొటోలు తీసుకుపోయారు. పుస్తకంలో తాడు నగల దుకాణంలో గొలుసులా మెరుస్తుంది, లింకు చంటిబిడ్డ చెంపలా ఉంటుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది, నాక్కూడా నచ్చింది. రిటైరయ్యేదాకా నేను ఆ పుస్తకం తెరిచిపెట్టి, పక్కన అసలు ముక్క పెట్టి, చేతిలో లైటు పట్టుకుని పాఠం చెప్పాను.

ఆర్డరు వచ్చిన సాయంత్రం ఇంటికి పోగానే నా భార్య నా ముఖం చూసింది. దాన్ని బట్టి ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

"ఫొటోలు పాసయినయా?"

"కాలేదు."

"మరి షిఫ్టు?"

"జనరలే."

"నాకు సమజైతలేదు," అంది.

"నాకు కూడా."

"సరే తియ్. నన్ను జర లేపు. బయట కూసుంట."

చేతుల కింద పట్టి లేపి, వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పక్కన నేను ఎత్తుపీట మీద కూర్చుని ఆర్డరులో ఉన్నది మొదటి నుంచి వివరించబోయాను. ఆమె మంచిగా ఉన్న చేతిని ఎత్తి ఆపింది. పక్క క్వార్టర్ తలుపు దగ్గరగా వేసి ఉంది.

"మెల్లగ మాట్లాడు. అక్క వాళ్లాయనకు నైట్ షిఫ్టు, పండుకున్నడు."